రాక్‌లో లేని చెప్పులు

సోమవారం, ఉదయం 8.10.

విత్తనాల గోడౌన్‌లో అయిదో గది తలుపు తెరిచారు. బస్తాల వరుస వెనక సూదక్క పడి ఉంది. ప్రాణం లేదు.

చిరిగిన గోనెసంచులు కుట్టడం ఆమె పని. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినిపించదు. అరవై దాటాయి. చెవులు సరిగ్గా వినపడవు. శనివారం పనయ్యాక అటునుంచి అటే కూతురింటికి వెళ్తానని చెల్లెలికి చెప్పి బయల్దేరింది. అందుకే ఆదివారమంతా ఆమెను ఎవరూ వెతకలేదు.

శనివారం మధ్యాహ్నం గోడౌన్ అంతా పురుగుమందు కొట్టి తలుపులు బిగించారు. అదీ సంగతి.

తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. పదిహేడేళ్ల సర్వీసు. మొహం చూసి తప్పు పట్టేయగలనని ఆయనకు తనమీద తనకు మహా నమ్మకం.

మందు కొట్టిన టెక్నీషియన్ గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. తలుపు తీయగానే మాస్కు కూడా లేకుండా లోపలికి పరుగెత్తి, సూదక్కను భుజాన వేసుకుని బయటికి తెచ్చింది అతనే. ఆమె చీరకు పట్టిన మందు తడి అతని చొక్కాకు అంటింది.

"గది ఖాళీగా ఉందో లేదో చూశావా?"

"చూడాల్సింది సూపర్‌వైజర్ గారు సార్. ఆయన సంతకం పెట్టిన షీట్ ఇచ్చాకే మిషన్ ఆన్ చేశాను."

"ఎన్నింటికి?"

"ఒకటీ నలభై అయిదుకి."

"మరి ఆ చెమటలేంటి?"

అతను మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు. "తప్పు నాదే సార్. కాగితం అడిగాను గానీ, లోపల మనిషి ఉందేమోనని అడగలేదు."

ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట చాలు. అతన్ని జీపెక్కించి లాకప్‌కు పంపేశాడు.

తర్వాత గోడౌన్ యజమాని మందు కొట్టే పనికి రాసుకున్న కాంట్రాక్టు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. మొత్తం పన్నెండు షరతులు. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటే చదువుతూ ఏడో దాని దగ్గర ఆగాడు.

గోడౌన్ తరఫు మనిషి ప్రతి గదిలోకీ స్వయంగా వెళ్లి, ఎవరూ లేరని చూసి, టైము వేసి సంతకం చేయాలి. ఆ తర్వాతే మందు కొట్టాలి.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని షీట్ చూశాడు. ఏడు గదులు. 1.30 నుంచి 1.36 దాకా టైములు. గదికో నిమిషం. ఒక్కో గది ఈ చివర నుంచి ఆ చివరికి నడవడానికే నిమిషం పడుతుంది.

సూపర్‌వైజర్‌ను పిలిచాడు.

"అన్ని గదులూ చూశావా?"

"చూశాను సార్. సూదక్క అప్పటికే వెళ్లిపోయింది. తర్వాత వెనక తలుపులోంచి దూరి ఉంటుంది."

"ఎందుకు?"

"ఏమో సార్. సంచులేమైనా ఎత్తుకెళ్దామనేమో."

ఇన్‌స్పెక్టర్ అయిదో గదికి వెళ్లాడు. వెనక తలుపుకు శనివారం 1.25కే టైము రాసి అంటించిన టేపు చెక్కు చెదరలేదు. బస్తాల వెనక రెండు చెప్పులున్నాయి. ఒకదాని పట్టీ తెగింది. గోనె దారంతో సగం కుట్టి ఉంది. సూది ఇంకా అందులోనే ఉంది.

మధ్యాహ్నం 12.30. ఆఫీసు గదిలో యజమాని, సూపర్‌వైజర్, సూదక్క చెల్లెలు. ఇన్‌స్పెక్టర్ పోయి సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి బయట చెప్పుల రాక్ కనిపిస్తోంది.

"విత్తనాల మధ్యకి చెప్పులతో వెళ్లకూడదు. అందరూ ఆ రాక్‌లో విడిచి వెళ్తారు. అవునా?"

"అవును సార్."

"రాక్ ఖాళీ అయిందంటే?"

"లోపల ఎవరూ లేరని సార్."

"నువ్వు ఒక్క గదిలోనూ అడుగు పెట్టలేదు. ఈ కుర్చీలోంచి రాక్ చూసి ఏడు సంతకాలు పెట్టావు. ఆమె చెప్పు తెగింది. కుట్టుకుందామని లోపలికి పట్టుకెళ్లింది. దొంగచాటుగా వచ్చినామె సగం కుట్టిన చెప్పుతో రాదు."

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "శనివారం పొద్దున్నే చెప్పాను బాబూ, కొత్తవి కొనుక్కో అక్కా అని. చేతిలో సూది ఉండగా కొత్తవెందుకే అంది."

సూపర్‌వైజర్ నేలమీద కూలబడ్డాడు. "పదకొండేళ్లుగా అట్లాగే చూస్తున్నాను సార్. ఒక్కసారి కూడా తేడా రాలేదు. చంపింది చాలక దొంగని కూడా అన్నాను."

అతని ఏడుపు చూడలేక యజమాని మొహం తిప్పుకున్నాడు.

2.05. ఇన్‌స్పెక్టర్ హుషారుగా స్టేషన్‌కొచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ లాకప్ రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టాడు. గంటకోసారి వెళ్లి లోపలి మనిషిని చూసి రాయాల్సిన పుస్తకం అది. 11, 12, 1, 2. నాలుగు గంటలకూ ఒకే మాట: క్షేమం.

"సంతకం పెట్టేయండి సార్."

కలం కాగితం దాకా వెళ్లి ఆగింది.

"వెళ్లి చూశావా?"

"ఇక్కణ్ణుంచి కాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి కదా సార్. పడుకున్నాడు."

ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టేశాడు. ఇన్నేళ్లూ తను సంతకాలు పెట్టింది కూడా ఈ కుర్చీలోంచే. ఒక్క ఉదుటున లేచాడు.

లాకప్‌లో టెక్నీషియన్ నోటి వెంట చొంగ. కంటిపాపలు సూదిమొనలంత అయిపోయాయి. ఒళ్లంతా చెమట. మందు తడి ఆరిన చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది.

అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్తూ జీపులో కాంట్రాక్టు విప్పాడు. ఎనిమిదో షరతు: మాస్కు లేకుండా లోపలికి వెళ్లినవారి బట్టలు వెంటనే విప్పించి, ఒళ్లు కడిగించి, డాక్టర్‌కు చూపించాలి.

తను ఏడు దగ్గరే ఆపేశాడు. దోషి దొరికాడు కదా, ఇంక చదవడం దేనికనుకున్నాడు.

"ఇంకో అరగంటైతే మా చేతుల్లో ఉండేది కాదు," అంది డాక్టరమ్మ. "మందు ఒంట్లోకి ఎక్కి పొద్దున చెమటలు పట్టినప్పుడే తీసుకురావాల్సింది. ఎవరూ చూడలేదా?"

"నేను చూశానండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అయిదింటికి టెక్నీషియన్ కళ్లు తెరిచాడు. "తప్పు నాదే సార్," అన్నాడు మళ్లీ.

"నీ వంతు నీది. నాదీ ఉంది. పడుకోవయ్యా."

ఆరింటికి స్టేషన్‌లో రిజిస్టర్ తెరిచి ఆ నాలుగు గళ్ల మీద అడ్డంగా గీత కొట్టాడు. ఎవరూ వెళ్లి చూడలేదని రాశాడు. జబ్బును నేరమనుకుని లాకప్‌కు పంపింది నేనేనని కింద సంతకం చేశాడు.

హెడ్ కానిస్టేబుల్ తల వంచుకుని నిలబడ్డాడు. మెల్లగా అడిగాడు.

"ఆరు గంటల గడిలో లాకప్ ఖాళీ అని రాయనా సార్?"

"ఉండు."

ఇన్‌స్పెక్టర్ లేచి, లాకప్ తలుపు తీసి, లోపలికి వెళ్లాడు. నాలుగు మూలలూ చూశాడు. బయటికొచ్చాడు.

"ఇప్పుడు రాయి."