రొయ్యల గుంట గట్టున పడ్డ విమానం

బుధవారం ఉదయం తొమ్మిది కాకముందే నెల్లూరులోని డిటెక్టివ్ సుప్రియ ఆఫీసు ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది. తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. టీ ఫ్లాస్కుతో మెట్లెక్కి వస్తున్న మాల్యాద్రి ఆమెను చూసి, "తలుపు కరవదులేమ్మా, లోపలికి రండి," అన్నాడు.

మాల్యాద్రి ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు సుప్రియకు సహాయకుడు. ఆమె అతనికంటే పదిహేనేళ్ళు చిన్నది. అయినా ఆమె ప్రశ్నలు అడుగుతుంటే పాఠం వింటున్నవాడిలా నోటుపుస్తకం తెరిచి కూర్చుంటాడు. సుప్రియ ఒకప్పుడు బీమా కంపెనీ తరఫున కాలిపోయిన లారీలనూ మునిగిపోయిన పడవలనూ పరిశీలించే ఉద్యోగం చేసింది. అప్పటి నుంచి మనుషుల మాటకంటే వస్తువుల మాట మీదే ఆమెకు గురి ఎక్కువ.

వచ్చినామె పేరు డెబోరా. కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఆయన జడ్సన్. అల్లూరు అవతల మా ఊళ్ళో మోటార్లు చుడతాడు. రిమోటుతో ఎగిరే చిన్న విమానాలు కూడా చేస్తాడమ్మా. రొయ్యల గుంటల మీదికి నీటికాకులు వాలితే ఆ ఇంజిను మోతకి లేచిపోతాయి. గంగులయ్యగారి గుంటల కాడ రెండేళ్ళుగా అదే పని."

"నిన్న ఏం జరిగింది?"

"తెల్లారుజామున ఆయన కాపలా మనిషి వెంకయ్య తల పగిలి గట్టు మీద పడున్నాడు. పక్కనే మా ఆయన విమానం. అది తగిలే పడినాడంటన్నారు. వెంకయ్యకి ఇంకా తెలివి రాలేదు. మా ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టినారు. పొరపాటున జరిగిందని ఈ సాయంత్రం ఐదింటిలోపల రాసి సంతకం పెడితే చిన్న కేసుతో పోతుందని అందరూ చెప్తన్నారు. పెట్టేటట్టే ఉండాడు."

"ఆయనేమంటున్నాడు?"

"నిన్న విమానం ముట్టుకోలేదంటాడు. మరి తెల్లారుజామున యాడున్నావంటే నోరు తెరవడు."

"మీరేమనుకుంటున్నారు?"

డెబోరా తలుపు వైపు చూసింది. బయట ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు గొంతు తగ్గించింది. "తెల్లారుజామున ఆ ఇంజిను మోత నేనూ విన్నా. లేచి చూస్తే పక్కన మనిషి లేడు. ఆయనకి చెప్పకండమ్మా... నాకే అనుమానంగా ఉంది."

సుప్రియ, "ఆయన నిన్న వేసుకున్న చొక్కా ఉతికారా?" అని అడిగింది.

డెబోరా తెల్లబోయింది. "నానబెట్టినా."

"ఏ వాసన వచ్చింది?"

"ఆ ఇంజిన్లకి స్పిరిట్లో ఆముదం కలిపి పోస్తాడు. చొక్కాలన్నీ ఆముదం కంపే. కానీ నిన్న... డీజిల్ వాసన వచ్చింది."

మాల్యాద్రి రాసుకున్నాడు. ఎందుకో మాత్రం అతనికి తెలియలేదు.

* * *

స్టేషన్లో జడ్సన్ బల్ల మీద వంగి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేల మీద విమానం. రెక్క ఒకటి విరిగింది. ముక్కు దగ్గర పిడికిలంత ఇంజిను, దాని పక్కన పొగ గొట్టం.

ఎస్సై మర్యాదస్తుడే. "చూసుకోండి మేడం. కానీ చూసినవాడు ఉన్నాడు, మోత విన్నవాళ్ళు పదిమంది ఉన్నారు," అన్నాడు.

సుప్రియ పొగ గొట్టం వెనక విమానం పొట్ట మీద వేలితో రాసి, వేలు చూసుకుంది. "పొడి దుమ్ము. రాసుకోండి మాల్యాద్రిగారూ." తర్వాత జడ్సన్ వైపు తిరిగింది. "దీన్ని చివరిసారి ఎప్పుడు ఎగరేశారు?"

"సోమారం మధ్యాహ్నం."

"దించాక ఏం చేస్తారు?"

ఇంజిను మాట ఎత్తగానే అతని మొహంలో కాస్త ప్రాణం వచ్చింది. "ముందు సబ్బునీళ్ళతో తుడవాలి మేడం. గొట్టంలోంచి వచ్చే ఆముదం పక్కంతా పూసుకుంటుంది. తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, లోపల మిగిలింది మండిపోయేదాకా తిప్పాలి. చివర్న ప్లగ్గు విప్పి కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు. లేకపోతే ఈ ఉప్పుగాలికి వారంలో బేరింగులు తుప్పు పడతాయి. నా మొదటి ఇంజిన్ని అట్టనే చంపుకున్నా. చంటిబిడ్డ లెక్క చూసుకోవాలి."

"ట్యాంకు నిండా పోస్తే ఎంతసేపు వస్తుంది?"

"పది నిమిషాలు. మహా అయితే పదకొండు."

"విమానం ఎక్కడ పెడతారు?"

"గంగులయ్యగారి గట్టు మీద రేకుల గదిలో. గొళ్ళెమే, తాళం లేదు."

"నిన్న తెల్లవారుజామున ఎక్కడున్నారు?"

అతని మొహం మళ్ళీ మూసుకుపోయింది. "సంతకం పెట్టేస్తా మేడం. మా డెబోరా స్టేషన్ల చుట్టూ తిరగలేదు."

సుప్రియ ఎస్సైతో, "ఐదింటిదాకా టైముంది కదా. అంతవరకు ఆ ఇంజిన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి," అని చెప్పి బయటికి నడిచింది.

* * *

గంగులయ్య గుంటల దగ్గర గట్టు మొదట్లోనే మందు కలిపిన ఊదారంగు నీళ్ళ తొట్టి ఉంది. "కాళ్ళు ముంచి రండి," అని కేక వేశాడు గంగులయ్య. వెంకయ్య పడిపోయిన చోట గట్టంతా తెల్లగా బ్లీచింగ్ పొడి చల్లి ఉంది. అడుగుల జాడలు, నెత్తురు మరకలు ఏవీ మిగల్లేదు.

మాల్యాద్రి సుప్రియ చెవి దగ్గరికి వచ్చాడు. "మేడం, సాక్ష్యాలు తుడిచేశాడు. ఇతనే."

"ఇదెవరు చల్లారు?" అని అడిగింది సుప్రియ.

"నేనే. పోలీసోళ్ళు నాలుగు ఊళ్ళు తిరిగిన బూట్లతో తొక్కిపోయినారు. రొయ్యకి రోగం ఎక్కితే ఎవురు దిక్కు?"

"జడ్సన్‌తో గొడవపడ్డారట?"

"పడినా. ఆ మోతకి రొయ్య మేత తినడంలే. నెలాఖరుకి ఆపెయ్యమన్నా. అంతమాత్రానికి వాడి విమానం నేను విరగ్గొడతానా? నా వెంకయ్య తల పగలగొడతానా?" గంగులయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పదేళ్ళ నించి నా కాడ ఉండాడమ్మా."

"రోగం వస్తే మీ ఊళ్ళో ఏం చేస్తారు?"

"తెల్లమచ్చ కనపడితే గుంటకి ఎర్రగుడ్డ కట్టాల. అందరికీ చెప్పాల. నీళ్ళకి మందు కొట్టి నిలబెట్టాల. అట్టా కాకుండా కాలవలోకి వదిలినోడికి మళ్ళీ కాలవ నీళ్ళు లేవు. రైతులందరం కూర్చోని పెట్టుకున్న కట్టుబాటు."

కాలవ అవతలి గట్టు సుకుమార్‌ది. ముప్ఫై ఏళ్ళ మనిషి. వెంకయ్యను బైకు మీద ఆస్పత్రికి చేర్చింది అతనే. విమానం తగలడం చూసింది కూడా అతనొక్కడే. వచ్చినవాళ్ళకు కొబ్బరిబోండాలు కొట్టించాడు.

"నా కళ్ళతో చూసినా మేడం. రివ్వున దిగింది, వెంకయ్య తలకి తగిలింది, మోత ఠక్కున ఆగిపోయింది. పాపం జడ్సనన్న కావాలని చేసుండడు. ఆ సంతకమేదో పెట్టేస్తే వాళ్ళకీ మంచిది."

సుప్రియ బోండాం తాగుతూ గుంట వైపు చూసింది. గట్టు వారగా కొంగలు, నీటికాకులు బారులు తీరి ఉన్నాయి. అంచునే ముక్కుతో పొడిచి తింటున్నాయి.

"మీ గుంట మీద పక్షులు బాగా వాలాయే."

"జడ్సనన్న లేడు గదా!" అని సుకుమార్ నవ్వాడు.

గంగులయ్య గుంట మీద రెండు కొంగలు మాత్రమే ఉన్నాయి. సుకుమార్ గుంట గట్టుకు లోపలివైపు, నీటికి పైన జానెడు వెడల్పున నల్లటి బురద పట్టీ చుట్టూతా కనిపిస్తోంది. సుప్రియ దాన్ని కూడా గమనించింది.

చర్చి పక్కన ఇడ్లీలు అమ్మే ఎస్తేరమ్మ మోత విన్నవాళ్ళలో పెద్దది.

"వినకేం? తెల్లారుజాము ప్రార్థన మొదలయినప్పుడు పట్టుకుంది. ఆమేన్ అన్నాకనే ఆగింది."

"ప్రార్థన ఎంతసేపు?"

"మా పాస్టరుగారిదా? అరగంటకి తక్కువ యానాడూ ముగించింది లేదు. మోకాళ్ళకి తెలుసమ్మా నాకు."

"మధ్యలో ఆగిందా? దగ్గరికి రావడం, దూరం పోవడం ఏమైనా?"

"ఊహూఁ. ఒకేచోట గుర్రుమంటానే ఉండె."

మాల్యాద్రి వెనక్కి వచ్చేటప్పుడు నోటుపుస్తకం మొత్తం తిరగేశాడు. "మేడం, నాకు గంగులయ్య మీదే అనుమానం. కాదంటే ఆ డీజిల్ వాసన సంగతి చూస్తే జడ్సన్ మీద. డెబోరాగారు కూడా ఏదో దాస్తున్నట్టుంది."

"ఎస్తేరమ్మను వదిలేశారేం?" అంది సుప్రియ. "ఎస్సైగారికి ఫోన్ చెయ్యండి. నాలుగింటికి అందరూ గట్టు మీదికి రావాలి."

* * *

నాలుగింటికి రేకుల గది ముందు అందరూ చేరారు. ఎస్సై, విరిగిన విమానం మోసుకొచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు, జడ్సన్, అతనికి దూరంగా డెబోరా, గంగులయ్య, సుకుమార్, పీట తెచ్చుకుని మరీ కూర్చున్న ఎస్తేరమ్మ. ఎవరూ ఎవరి మొహం చూడటంలేదు.

గంగులయ్య తెచ్చిన తెల్ల రుమాలును సుప్రియ నేల మీద పరిచింది. "జడ్సన్‌గారూ, ఎస్సైగారి ముందే ఆ విరిగిన విమానం ఇంజిను ప్లగ్గు విప్పండి. దాన్ని తలకిందులు చెయ్యండి."

రుమాలు మీద రెండు చుక్కలు పడ్డాయి. నీళ్ళలా తేటగా ఉన్నాయి. ఎస్సై వంగి వాసన చూశాడు.

"కుట్టుమిషను నూనె!"

"సోమవారం మధ్యాహ్నం పోసింది. ఇప్పుడు రెండో ఇంజిను."

రేకుల గదిలో చెక్కకు బిగించిన అలాంటిదే మరో ఇంజిను ఉంది. జడ్సన్ ట్యాంకు నింపి, ప్లగ్గుకు బ్యాటరీ తగిలించి ముందున్న పంకా తిప్పాడు. రెండోసారికి అది చెవులు పగిలేలా అందుకుంది. గంగులయ్య గుంట మీద ఉన్న రెండు కొంగలూ లేచిపోయాయి. సుప్రియ పొగ గొట్టం వెనక కాగితం పట్టుకుంది. గట్టంతా ఆముదం వాసన. మాల్యాద్రి చేతి గడియారం మీద నుంచి కళ్ళు తీయలేదు. ఇంజిను దగ్గింది, ఆగింది.

"పదకొండు నిమిషాలు," అన్నాడు అతను.

కాగితం గోధుమరంగు జిడ్డుతో తడిసిపోయింది. సుప్రియ దాన్ని అందరికీ చూపించింది. "ఈ ఇంజిను నడిస్తే బయట ఇలా ఉంటుంది. లోపల కూడా ఇదే ఉంటుంది. పడిపోయిన విమానం బయట పొడి దుమ్ము ఉంది, లోపల తేట నూనె ఉంది. నిన్న ఆ ఇంజిను ఒక్క క్షణం కూడా నడవలేదు. విమానం గాల్లోంచి రాలేదు. ఎవరో చేత్తో తెచ్చి గట్టు మీద పెట్టారు. సుకుమార్‌గారూ, రివ్వున దిగింది, మోత ఠక్కున ఆగింది అన్నారు. మీరు చూసిందేమిటి?"

"చీకట్లో సరిగ్గా..." అని నసిగాడు సుకుమార్.

"మోత మేమందరం విన్నాం గదమ్మా," అంది ఎస్తేరమ్మ. "ఇట్టాంటిదే. కానీ ఇది ఇంత తొందరగా ఆగిపోయిందే!"

"అదే నేనూ అంటున్నాను. మీరు విన్నది అరగంట, అదీ ఒకేచోట. ఎస్సైగారూ, సుకుమార్‌గారి గది వెతకమన్నాను కదా?"

కానిస్టేబుల్ మేత సంచుల వెనక దొరికిన చిన్న పెట్రోలు పంపును తెచ్చి తాడు లాగాడు. గుర్రుమంది.

"ఇదే! ఇదే మోత!" ఎస్తేరమ్మ పీట మీద నుంచి లేచింది.

పంపు ఆపించి సుప్రియ చెప్పింది. "ఆయన గుంటలో రొయ్యలు రోగంతో అంచుకు వచ్చి చస్తున్నాయి. అందుకే పక్షులన్నీ అక్కడే ఉన్నాయి. జడ్సన్ లేకపోవడమే కారణమైతే రెండు గుంటల మీదా సమానంగా వాలాలి. ఎర్రగుడ్డ కట్టి అందరికీ చెప్పడం ఇష్టంలేక, తెల్లవారుజామున ఆ నీళ్ళు కాలవలోకి తోడారు. జానెడు నీళ్ళు దిగిన గుర్తు గట్టు మీద ఇంకా ఉంది. కాపలా తిరుగుతున్న వెంకయ్య అది చూశాడు."

గంగులయ్య నోరు తెరిచాడు. "కాలవలోకా? ఓరి నీ... నా మోటారు!" అని పంచె ఎగ్గట్టి తన గుంట వైపు పరుగెత్తాడు. రోగం నీళ్ళు తన గుంటలోకి తోడుతున్న మోటారు ఆపడానికి.

సుకుమార్ గట్టు మీదే కూలబడ్డాడు. "నేను కొట్టలేదు మేడం. ఊరందరికీ చెప్తానని పోతా ఉంటే చెయ్యి పట్టుకోని లాగినా. విదిలించుకున్నాడు, తోసినా. తూము సిమెంటుకి తల తగిలింది. భయమేసింది. రేకుల గదిలో విమానం గుర్తొచ్చింది, రెక్క విరిచి తెచ్చి పక్కన పడేసినా. గుంట పోతే ఇంక నాకేం లేదు మేడం."

"వెంకయ్యకి కూడా తల ఒకటే ఉంది," అన్నాడు ఎస్సై, అతన్ని లేపుతూ. ఆస్పత్రి నుంచి అరగంట క్రితమే ఫోన్ వచ్చిందని, వెంకయ్య కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడని చెప్పాడు.

జీపు వెళ్ళిపోయింది. జడ్సన్ రుమాలు పక్కన అలాగే నిలబడి ఉన్నాడు.

"జువ్వలదిన్నె చేపల హార్బరులో పని దొరికిందా?" అని అడిగింది సుప్రియ.

అతను ఉలిక్కిపడ్డాడు. "మీకెవురు..."

"మీ చొక్కా డీజిల్ వాసన వచ్చింది. నెలాఖరుకి ఇక్కడ పని ఆగిపోతోంది. ఇంజిన్లు తెలిసినవాడు తెల్లవారుజామున బోట్లు తిరిగొచ్చే చోటికే పోతాడు."

"లేదన్నారు మేడం. ఇంటికొచ్చి ఏ మొహంతో చెప్పేది?" జడ్సన్ ఒకసారి భార్యను చూసి మళ్ళీ సుప్రియ వైపు తిరిగాడు. "మీ కాడికొచ్చి మా ఆవిడ ఏం చెప్పింది? నేను చెయ్యలేదనే గదా?"

మాల్యాద్రి గబగబా నోటుపుస్తకంలో తల దూర్చాడు.

"నువ్వే చేసినావనుకున్నా," అంది డెబోరా.

జడ్సన్ భార్య వైపు పూర్తిగా తిరిగాడు.

"అనుకోని కూడా డిటెక్టివుని పిలిచినావా? నేనే చేసుంటే?"

"చేసుంటే అదీ తెలిసేది. తెలీకుండా నీతో ఒక ఇంట్లో ఉండలేను."

జడ్సన్ తల వంచుకున్నాడు. తర్వాత బైకు దగ్గరికి నడిచాడు. డెబోరా వెనక కూర్చుంది. చెయ్యి అతని భుజం మీద వెయ్యబోయి, సీటు కింది కడ్డీ పట్టుకుంది. బండి గట్టు దిగి తారురోడ్డు ఎక్కింది.

మాల్యాద్రి తేదీ వేసి గీత కొట్టబోతూ ఆగాడు. "కేసు ముగిసినట్టేనా మేడం?"

"మనది ముగిసింది," అంది సుప్రియ, ఆ బండి వెళ్ళిన వైపే చూస్తూ.