మారుగొంతు

నల్లవాగు గనిలో ఆ కాలానికి తవ్వే పని మనుషుల చేతుల్లోంచి పోయింది. తవ్వేవి యంత్రాలు. వాటికి జబ్బు చేస్తే చూసుకోవడానికి షిఫ్టుకు ఓ పదిమంది కిందికి దిగేవారు. పైపొరల్లోని బొగ్గు వాళ్ల తాతల హయాంలోనే అయిపోయింది. ఆ పాడుబడ్డ సొరంగాల కింద, ఇంకా లోతున, బ్యాటరీలకు కావలసిన లోహాల రాయి దొరికింది. జనం నోట మాత్రం అది ఇప్పటికీ బొగ్గుబాయే.

ఆ గనిలో రక్షణ దళానికి సూపర్‌వైజరు వనమాల. ప్రమాదం జరగని రోజుల్లో ఆవిడ ఉద్యోగమేమిటో చాలామందికి అంతుబట్టేది కాదు. దళం చేత ఆక్సిజన్ సిలిండర్లు మోయించి పరుగెత్తించడం, ముసుగు తొడగడంలో ఆలస్యమైతే చెడామడా తిట్టడం, మళ్లీ పరుగెత్తించడం. ఆవిడ చేత తిట్లు తినని వాడు దళంలో లేడు. తిట్టాక టీ తాగించకుండా పంపినదీ లేదు.

ఆ గనికి పేరు తెచ్చింది మాత్రం రాయి కాదు, మారుగొంతు. భూమి లోపలికి రేడియో తరంగాలు చొరబడవు. చాలా తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు మాత్రమే అంత మందం రాతిని దాటుతాయి, అవీ నత్తనడకన, ఒకటీ అరా స్పందనలుగా. అందులో మాట మొత్తం పట్టదు. మనిషి పది మాటలంటే పైకి చేరేది రెండు మూడు ముక్కలు. డాక్టర్ హిమవంత్ అనే శాస్త్రవేత్త ఈ ముక్కల్ని కలిపి మాటగా కుట్టే యంత్రాన్ని తయారుచేశాడు. ప్రతి కార్మికుడూ షిఫ్టు మొదట్లో, చివర్లో కింది సంగతులు చెబుతూ వనమాలతో మాట్లాడే మాటల్ని అది ఏళ్ల తరబడి వింటూ, ఎవరు ఎలా మాట్లాడతారో నేర్చుకుంటుంది. తర్వాత కింది నుంచి నాలుగు స్పందనలు అందితే చాలు, మిగతా ఖాళీలు పూరించి, ఆ మనిషి గొంతుతోనే వాక్యం వినిపిస్తుంది. పైవాళ్ల మాటలు కిందికి చేరేదీ ఇలాగే.

మొదట్లో యంత్రం తనంతట తాను కలిపిన మాటల్ని వేరే స్వరంలో, చదునుగా పలికేలా పెట్టాడు హిమవంత్. ఏది మనిషిది, ఏది యంత్రానిదో తెలియాలని. ఒక్కరికీ నచ్చలేదు. "నడుమ నడుమ దయ్యం మాట్లాడినట్టుంది, తీసెయ్యుర్రి," అని గని గనంతా గోల పెట్టింది. తీసెయ్యమన్నవాళ్లలో వనమాల కూడా ఉంది. తీసేశాక అందరూ మారుగొంతును మరిచేపోయారు. మామూలు ఫోనులో మాట్లాడుకున్నట్టే ఉండేది.

ఒక పొద్దున షిఫ్టు కిందికి దిగిన కాసేపటికే నాలుగో మట్టంలో కప్పు కూలింది. అవతల చిక్కుకున్నది ముగ్గురు. ఓదెలు, మల్లేశం, రఫీ. ఓదెలు అందరికంటే పాతవాడు, ఒకప్పుడు వనమాలతో కలిసి కిందపని చేసినవాడు.

"మేడం, కప్పు కూలింది. ముగ్గురం ఉన్నం. మల్లేశం కాలు మీద రాయి పడ్డది, నెత్తురు ఆగుతలేదు." మొదటి కబురు ఓదెలు గొంతులో గడగడా వచ్చింది.

వనమాల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పాత బొగ్గు సొరంగం గుండా వెళ్లి, పైనుంచి వాళ్ల దగ్గరికి దిగడం. దగ్గరి దారే, కానీ అందులో విషవాయువు నిండి ఉంది, కప్పు పుచ్చిపోయింది. దళంలోని ఆరుగురిని అందులోకి పంపితే ఆరుగురూ తిరిగొస్తారని ఆమెకు నమ్మకం లేదు. రెండోది, పక్కనుంచి యంత్రంతో కొత్తగా బెజ్జం తొలుచుకుంటూ పోవడం. ఎవరికీ అపాయం లేదు గానీ మర్నాటి పొద్దున దాకా పడుతుంది. అంతసేపు కింద గాలి ఉండాలి.

"ఓదెలన్నా, గాలి ఎట్లుంది?"

కాస్త ఆగి జవాబు వచ్చింది. "మంచిగనే ఉంది మేడం. మీరు తొందర పడకుర్రి. పైలంగ రండ్రి."

వనమాల గుండె మీంచి బరువు దిగింది. వెంటనే బెజ్జం యంత్రాన్ని దింపించింది. దళంలో ఆమె తర్వాతివాడైన పోశన్న అప్పటికే ముసుగు మెడకు తగిలించుకుని నిలబడ్డాడు.

"అక్కా, పాత దారిన పోదాం. నేను ముందుంట."

"నీకేమన్నా తిక్కా? వాళ్లే తొందర లేదంటుంటే మిమ్ముల నేను ఎందుకు సంపుకోవాలె? కూసో."

అన్నాక తనకే కొంచెం సిగ్గేసింది. ఓదెలు ఆ మాట అన్నందుకు తను ఇంత సంతోషించడమేమిటి? అయినా సంతోషమైన మాట నిజం. దళంలో ఆరుగురి పెళ్లాం పిల్లలూ ఆమెకు పేరుపేరునా తెలుసు. మధ్యాహ్నం ఎవరో తెచ్చిపెట్టిన పులిహోర కూడా తిన్నది.

అప్పుడప్పుడూ పిలిచి కనుక్కుంటూనే ఉంది. మల్లేశానికి కట్టు కట్టారు. రఫీ పడుకున్నాడు. అందరూ మంచిగనే ఉన్నారు. పొద్దు వాలుతుండగా ఆమె ఊరికే ఒక ప్రశ్న వేసింది.

"ఓదెలన్నా, నీ మీటరు మీద ఆక్సిజన్ ఎంతున్నది?"

"మామూలే మేడం."

"మామూలంటే ఎంత? అంకె చెప్పు."

"అంతా మామూలే మేడం. ఏం ఫికరు లేదు."

వనమాల మైకు పక్కన పెట్టేసింది. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. తనూ కిందపని చేసిన రోజుల్లో ఏళ్ల తరబడి అదే చెప్పింది. కప్పులోంచి నీళ్లు కారుతున్నా, నడుము పట్టేసినా, పక్కవాడికి కళ్లు తిరిగినా, పైనుంచి ఆఫీసరు అడిగితే "మామూలే సార్". తేడా ఉందంటే షిఫ్టు ఆపుతారు, విచారణ అంటారు, నువ్వెందుకు చూసుకోలేదంటారు. అందుకని బాయిలో ఎవరూ పైకి కష్టం చెప్పరు. తమలో తాము చెప్పుకుంటారు, ఆఫీసరుకు మాత్రం మామూలే. తను ఆఫీసరయ్యాక తనకూ అదే చెప్పారు.

"సార్," అంది, పక్కనే యంత్రం తెర మీద వాక్యాలు చూస్తూ కూర్చున్న హిమవంత్ వైపు తిరిగి, "మీ యంత్రం మా మాటలు ఎక్కడ విని నేర్చుకుంది?"

"షిఫ్టు మొదట్లో, చివర్లో మీతో మాట్లాడతారు కదండీ, అక్కడే."

"అంటే అందరూ మంచిగుందని చెప్పే కాడ."

ఆమె ఏమంటోందో హిమవంత్‌కు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తెర మీద వాక్యాలన్నీ పక్కకు తోసి, రాతి లోంచి నిజంగా వచ్చిన స్పందనల్ని తెరిచాడు. పొద్దున వచ్చిన మొదటి కబురు దగ్గర గీతలు ఒత్తుగా ఉన్నాయి. తర్వాత పలచబడ్డాయి. ఆ తర్వాత తెరంతా ఖాళీ.

"గాలి గురించి మీరడిగే సరికే…" అతను ఖాళీ తెరను వేలితో చూపించాడు. "కింది నుంచి ఏమీ రావడం లేదు వనమాల గారూ. ఖాళీలు పూరించడమే దానికి తెలుసు. ఇప్పుడు అంతా ఖాళీయే."

పగలంతా తను మాట్లాడింది ఓదెలుతో కాదు. వాళ్ల అలవాటుతో. ఈ ముక్క తలకెక్కగానే వనమాలకు దుఃఖమూ, కోపమూ కలిసి వచ్చాయి, కానీ వాటికి అప్పుడు వేళ లేదు.

"పోశన్నా, లే. పాత దారి. నేను ముందుంట."

పాత సొరంగంలో వాళ్లు ఒకరి వెనక ఒకరుగా, పాక్కుంటూ పోయారు. రెండుచోట్ల కప్పు రాలింది. ఒక రాయి పోశన్న భుజం విరగ్గొట్టింది. అతను కేక కూడా పెట్టకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు, తను దారికి అడ్డమవుతానని. మిగతావాళ్లు తాళ్లతో కిందికి దిగేసరికి ముగ్గురూ గోడకు చేరగిలబడి ఉన్నారు. మల్లేశానికి స్పృహ లేదు. రఫీ నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాడు. ఓదెలు మీటరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ముసుగులు తొడిగారు. ముగ్గురూ బతికారు.

రెండు రోజుల తర్వాత వనమాల, హిమవంత్ ఆస్పత్రిలో ఓదెలు మంచం దగ్గర కూర్చున్నారు. హిమవంత్ పాత చదును స్వరాన్ని వెనక్కి తెస్తున్నాననీ, ఇక యంత్రం కలిపిన మాట ఏదో పైనా కిందా అందరికీ తెలిసిపోతుందనీ చెప్పాడు. దానికి వనమాల ఒప్పుకుంటే చాలు.

"కింద కూడానా సార్?" అన్నాడు ఓదెలు.

"కిందా అంతే కదండీ. మీకూ వనమాల గారి మాటలు ఒక్కటీ చేరలేదు. మీ చెవిలోని సెట్టు కూడా, షిఫ్టుల్లో విన్న ఆవిడ మాటల్లోంచి సొంతంగానే మాట్లాడింది."

ఓదెలు వనమాల వైపు చూశాడు. "నడుమల గాలి తగ్గుతుంటే రఫీ లేచిండు మేడం. పాత బొగ్గు దిక్కు ఎక్కి పోదామన్నడు. నేను గూడ లేచిన. గప్పుడే మీ గొంతు వచ్చింది. కదలకుర్రి, వస్తున్నం, అక్కడనే ఉండుర్రి అని. కూసున్నం."

అటు పోయుంటే విషవాయువులో పది గజాలు దాటేవాళ్లు కాదు. వనమాలకు ఆ సంగతి తెలుసు.

"అన్నా, ఆ మాట నేను చెప్పలే. నాకు మీరు మంచిగున్నరని అది చెప్తుంటే నేను పైన కూసొని అన్నం తిన్న." ఆ మాట చెప్పేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు కాదని నాకెరుకే."

"ఎట్ల?"

"ఎన్నిసార్లు అడిగినా నిమ్మళంగ జవాబిచ్చింది. ఒక్కసారన్నా కసరలే. మీరైతే మూడోసారికే తిట్టేటోళ్లు." ఓదెలు నవ్వబోయి దగ్గాడు. "ఆళ్లిద్దరికీ చెప్పలే. చెప్తే లేచి పోదురు."

"మరి నువ్వు? ఎరుకుండి గూడ ఎట్ల నమ్మినవ్?"

"నమ్మిన్నని ఎవరన్నరు మేడం? చెవిలకెల్లి తియ్యలే, అంతే. అది గూడ లేకుంటే ఆ చీకట్ల ఏముంటది?" అని కళ్లు మూసుకున్నాడు. "మీరు పైన పెట్టుకోండ్రి సార్, ఆ దయ్యం గొంతు. మాకొద్దు."

బయట వరండాలో హిమవంత్ ఆగాడు. అతనికి జవాబు కావాలి. వనమాల గోడకు ఆనుకుంది. ఆ గనిలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ముందు కిందికి దిగేది ఆమే. ఏదో ఒకరోజు కింద ఆ చీకట్లో గోడకు చేరగిలబడి కూర్చునేదీ ఆమే కావచ్చు.

"పైన పెట్టండి సార్. ఎంత గట్టిగ వినిపిస్తే అంత మంచిది."

"కిందో?"

వనమాల అతని కళ్లలోకి చూడలేకపోయింది.

"కింద మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి," అంది. "ఏం చేసిన్రో నాకు మాత్రం చెప్పకండి."