ఎర్ర ముడి

ప్రార్థన ముగిసింది. తల్లి టీ కప్పులు బల్లమీద పెట్టింది, కొడుకు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, తండ్రి కళ్ళద్దాలు తీసి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోజూ అదే వరుస. అద్దాలు జేబులోకి వెళ్ళాయంటే ఆ ఇంటి నియమం మొదలైనట్టే. ముందురోజు ఎవరైనా ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే "తప్పు నాది" అని చెప్పాలి. బాధపడినవారు "క్షమించాను" అనాలి. ఆ రెండు మాటలూ పలికాకే పళ్ళెంలోకి రొట్టె వచ్చేది.

నియమం చెడ్డది కాదు. పిల్లల చిన్ననాటి అలకలు ఎన్నో ఆ బల్ల దగ్గరే తీరిపోయాయి. అయితే రోజూ తొక్కిన గడప అరిగినట్టే రోజూ పలికిన మాటా అరుగుతుంది. పైగా తండ్రి నోట ఆ మొదటి మాట వెలువడిన పొద్దు ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. ఆయన చర్చిలో సంఘపెద్ద. ఆయన అడిగేవాడే తప్ప చెప్పుకోవలసినవాడు కాడని అందరూ, బహుశా ఆయన కూడా, అనుకుంటూ వచ్చారు.

ఇంటి ముందు భాగమే వాళ్ళ పరుపుల దుకాణం. దూది నింపేది కొడుకు, కుట్టేది కూతురు. పూర్తయిన పరుపును తండ్రి ఈ చివరినుంచి ఆ చివరిదాకా అరచేత్తో నొక్కి చూసి, ఒక మూల ఎర్ర దారంతో ముడి వేసేవాడు. ఆ ముడి ఆయన ఇచ్చిన మాట. అది పడిన పరుపును మళ్ళీ విప్పడమనేది ఆ దుకాణంలో ఎన్నడూ జరగలేదు. కొడుకుది ఎవరినీ నొప్పించని మెత్తటి స్వభావం. కూతురి మాట సూటిగా గుచ్చుకుంటుంది. అందుకే ఎదురింట్లో ఉండే మేనత్త ఏనాడో వాళ్ళకు దూది, సూది అని పేర్లు పెట్టింది. దూదిని అందరూ దగ్గరికి తీసుకుంటారు, సూదితో జాగ్రత్తగా మసలుకుంటారు. అన్నాచెల్లెళ్ళు ఆ తేడాలోనే పెరిగారు.

ముందురోజు సాయంత్రం వృద్ధాశ్రమం నుంచి ఒక పరుపు తిరిగి వచ్చింది. తనంతట తాను పక్కకు తిరగలేని ఒక ముసలామె దానిమీద పడుకుంటే వీపంతా కమిలిపోయిందని, ఆశ్రమం చూసుకునే ఆవిడ గొంతు పెంచకుండా చెప్పి వెళ్ళింది. గొంతు పెంచి ఉంటే బాగుండేదనిపించింది సూదికి. తండ్రి పరుపును పైపైన చూసి, మధ్య కుట్లు వదులైతేనే దూది జరిగి ఇలా గడ్డకడుతుందని తేల్చేశాడు. కుట్లు సూదివి. ఆయన లోపలికి వెళ్ళాక ఆమె ఒక్కొక్క కుట్టునూ గోటితో లాగి చూసింది. ఏదీ వదులుగా లేదు. అప్పుడు ముక్కు ఆనించి చూస్తే పాత సోఫాల ముక్కిపోయిన వాసన తగిలింది.

నిలదీస్తే అన్న దాచలేదు. కిటికీ మూయడం మరిచిపోవడంతో కొత్త దూది వానకు తడిసింది. నాన్నకు చెప్పడానికి భయపడి, మరమ్మతుకొచ్చిన పాత సోఫాలు చింపి తీసిన దూదిని నింపేశాడు. అంతవరకే అయితే ఆమె నాలుగు తిట్టి ఊరుకునేది. కానీ ఆదివారం తనను కూడా సంఘపెద్దగా నిలబెడుతున్నారు కనుక, ఈ ఒక్కసారికి ఆ తప్పును చెల్లెలు నెత్తిన వేసుకుంటే బాగుంటుందన్నాడు. నీకు ఎలాగూ గయ్యాళి అనే పేరుంది, కొత్తగా పోయేదేముందని నవ్వబోయాడు. ఆ క్షణం నుంచి ఆమె అతణ్ణి అన్నయ్యా అని పిలవడం మానేసింది.

తెల్లవారాక వంటింట్లో తల్లీ అదే మాట ఎత్తుకుంది. తడిసిన దూదిని పెరట్లో రహస్యంగా ఆరబెట్టింది ఆమే. ఇంట్లో శాంతి ఉండాలని, కొడుకు నలుగురిలో తలవంచుకోకూడదని చెప్పి, చివరికి కూతురి గడ్డం పట్టుకుంది.

"నీది మంచి మనసు తల్లీ. నువ్వు మోయగలవు."

"మంచి మనసంటే ఇంటిల్లిపాదీ విడిచిన మురికిబట్టలు పడేసే బుట్ట కాదమ్మా."

కనుక ఆ పొద్దున అద్దాలు జేబులోకి వెళ్ళి, తండ్రి చూపు తనమీద ఆగేసరికి సూది సిద్ధంగానే ఉంది.

"ఆశ్రమం పరుపు సంగతి చెప్పమ్మా."

"చెప్పడానికి నా దగ్గరేమీ లేదు నాన్నా. కుట్టింది నేనే. కుట్టు బిగువుగానే ఉంది."

తండ్రి కోప్పడలేదు. బోధించాడు. రాళ్ళు ఏరని నేలలో విత్తనం దిగనట్టే, గర్వం ఏరని గుండెలో వాక్యం దిగదన్నాడు. అన్నిటికన్నా భద్రంగా కాపాడుకోవలసింది హృదయాన్నేనని, ఒక్క మాటతో పోయేదానికి ఇంత మొండితనం దేనికని అడిగాడు. తల్లి బల్ల కింద కూతురి కాలు నొక్కింది. దూది టీ కప్పు అంచునే చూస్తూ కూర్చున్నాడు.

"కాపాడుకుంటున్నాను కాబట్టే చెప్పను. చెయ్యని తప్పు ఒప్పుకుంటే నా తల వంగుతుందేమో గాని గుండె రాయవుతుంది. దేవుడికి పెదవులతో దగ్గరై గుండెతో దూరంగా ఉండేవాళ్ళ గురించి ఈ బల్ల దగ్గరే మీరు మాకు నేర్పారు. నేర్పినవాళ్ళే మరిచిపోతే నేనేం చెయ్యను?"

"అయితే ఈ పూట నీకు రొట్టె లేదు."

"వద్దులెండి. అబద్ధం నంజుకుని తినడం నాకు చేతకాదు."

ఆమె లేచి దుకాణంలోకి వెళ్ళింది. తిరిగొచ్చిన పరుపును గుమ్మంలోంచి ఈడ్చుకొచ్చి తండ్రి ముందు పడేసి, కత్తెర బల్లమీద పెట్టింది.

"విప్పండి."

"ముడి వేసినదాన్ని మనం విప్పం."

"నన్ను నలుగురిలో విప్పడానికి లేని మొహమాటం పరుపుకెందుకు? పైన గుచ్చుకుంటుందని నన్ను, పైన మెత్తగా ఉన్నాడని వాణ్ణి తూచారు. ఒక్కసారి లోపల చూడండి నాన్నా."

తండ్రి వంగాడు. కత్తెర అందుకోబోతూ, అలవాటుకొద్దీ ముందు పరుపుమీద అరచెయ్యి ఆనించాడు. గడ్డ తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోపంతో ఆగాడనుకుంది తల్లి గాని, కారణం వేరు. ఆ గడ్డ ఆ చేతికి కొత్త కాదు. ముడి వేసిన రోజు కూడా, సరిగ్గా అదే చోట, తగిలింది. అప్పుడు కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. అడిగితే ఏదో బయటపడుతుందని చెయ్యి హెచ్చరించింది, అడగకపోతే ఏమీ లేనట్టేనని మనసు సర్దుకుంది, ముడి పడిపోయింది. ముసలామె వీపు, కొడుకు తప్పించుకోజూడడం, కూతురిమీద నింద, అన్నీ ఆ అడగని ప్రశ్నలోంచి పుట్టుకొచ్చినవే.

ఆయన ఎర్ర ముడిని కత్తిరించి, ఆ మూల కుట్లు విప్పాడు. బూడిదరంగు దూది, దానితోపాటు ఏ సోఫాదో ఒక గుండీ బయటపడ్డాయి. గుండీ దొర్లుకుంటూ వెళ్ళి కొడుకు పాదం దగ్గర ఆగింది.

"తప్పు నాది" అన్నాడు తండ్రి. అలవాటు లేని మాట కనుక గొంతులో తడబడింది. "నా చేతికి ఆ రోజే తెలుసు. తెలిసే ముడేశాను. తెలిసే నిన్ను ఒప్పుకోమన్నాను."

దూది ఏడ్చేశాడు. తప్పు తనదని, ముందు ఆశ్రమానికి వెళ్ళి ఆ ముసలామెకు, తర్వాత సంఘానికి తానే చెప్పుకుంటానని, ఆదివారం నిలబడనని అన్నాడు. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుని తన వంతు మాట చెప్పింది. ఆపైన, నియమం ప్రకారం, ముగ్గురూ సూది వైపు చూశారు.

"ఆ మాట ఇంకా రాలేదు" అంది ఆమె. "వచ్చిన రోజు చెబుతాను. రాకముందే చెబితే అదీ పాత దూదే."

తండ్రి రొట్టె విరిచాడు. మొదటి ముక్క ఆమె పళ్ళెంలో పెట్టాడు.

"రొట్టెకు ఆ మాటతో పని లేదు. తిను తల్లీ."

అప్పటిదాకా చెక్కుచెదరని సూది కళ్ళు అక్కడ నిండాయి. అయినా తల దించలేదు. ఆయనవైపు చూస్తూనే తిన్నది.

మధ్యాహ్నం ఆశ్రమం నుంచి దూది ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చాడు. ఎవరూ చెప్పకుండానే పరుపును ఖాళీ చేసి, గలేబు ఉతికి ఆరేశాడు. ఎండ తగ్గేలోగా అది ఆరింది. కొత్త దూది ఏకి, మూలమూలా సర్ది నింపాడు. సూది ఎదురుగా కూర్చుని కుట్టింది. కుట్టు పూర్తయ్యాక తండ్రి ఎర్ర దారం తెచ్చి తాను ముడి వేయకుండా ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దారాన్ని ముట్టుకోలేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా అరచేత్తో నొక్కుతూ వెళ్ళి, మూడొంతులు దాటాక ఒకచోట ఆగింది.

"అన్నయ్యా, ఇక్కడ గడ్డ ఉంది. విప్పు."

ముసురుకున్న కన్నీళ్ళలో దారపు పోగు కనబడక, దూది కాసేపు కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.