మోరీ దాటేదాకా

రాయచూరు నుంచి వస్తూ కల్మల ఊరు దాటాక లింగసూగూరు రోడ్డు మీద, వాన నీళ్లు పోయే చిన్న మోరీ ఒకటుంది. మలుపు లేదు, గుంత లేదు. ఇటు పత్తి, అటు కంది, మధ్యన గీత గీసినట్టు తిన్నటి రోడ్డు. అయినా బండ్లు అక్కడే పొలంలోకి దిగుతాయి. బ్రేకు వేసిన గుర్తు ఒక్కటీ ఉండదు.

కారణం కనబడని చోట జనం ఒక ఆడమనిషిని చూశారు. వెనక సీట్లోంచి చల్లటి చేతులతో డ్రైవరు కళ్లు మూస్తుందట... దాగుడుమూతలాటలో మూసినట్టు. ఆ క్షణాన బండిలో ఎవరైనా నోరు తెరిచారా — ఇక వదలదు.

అందుకని ఆ దారిన తిరిగే రాయచూరు వ్యాపారులది ఒక కట్టుబాటు. కల్మలలో చాయ్ తాగి, పాటలు ఆపి, మూతి బిగిస్తారు. అవతలి ఊరి దీపాలు కనబడేదాకా మాట ఉండదు. పిల్లల నోట్లో బెల్లం ముక్క పెడతారు.

జయరామయ్య ఆ కట్టుబాటు ఏనాడూ తప్పలేదు. బజారులో గోనెసంచుల దుకాణం. పొట్టి మెడ, భారీ ఒళ్లు. అతని భార్య అహల్యకు మోరీ భయం అందరికీ ఉన్నంతే ఉండేది. ఆమె అసలు భయం ఇంట్లోనే ఉంది.

అతని గురక గోడ అవతలి కృష్ణాబాయికి కూడా వినబడుతుంది. గురకతో అహల్యకు పేచీ లేదు. గురక ఆగినప్పుడే—

ఛాతీ ఎగురుతూనే ఉంటుంది. గాలి మాత్రం లోపలికి పోదు. పెదవులు నల్లబడతాయి. ఆమె భుజం పట్టి కుదుపుతుంది... అప్పుడు, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు, ఒక్క పెద్ద ఊపిరి. మళ్లీ గురక. తెల్లారితే అతనికేమీ గుర్తుండదు. తలనొప్పి అంటాడు. బీపీ గోళీలు పెరిగాయి, బీపీ తగ్గలేదు. గిరాకీతో మాట్లాడుతూనే కునుకు పట్టి గల్లాపెట్టె మీదికి ఒరుగుతాడు.

డాక్టరు సూటిగానే చెప్పాడు. నిద్రలో గొంతు మూసుకుపోతోంది. గుండె మీద భారం పడుతోంది. ఒక రాత్రి పరీక్ష చేయాలి, ముక్కుకు గాలి పంపే మిషన్ పెట్టాలి. అంతవరకు బండి నడపొద్దు.

"మూతికి ఏనుగు తొండం కట్టుకొని పండాల్నా?" అన్నాడు జయరామయ్య. "గురక పెట్టేటోడు మస్తు నిద్రపోతున్నట్టే గదనే. దానికేం బీమారి?"

అహల్య తమ్ముడు వాసుదేవ్ పగలబడి నవ్వాడు. "బావకు మిషనెందుకక్కా? బావే ఒక పత్తి జిన్నింగ్ మిషన్."

ఒక సాయంత్రం దుకాణం మూసి, ముగ్గురూ లింగసూగూరు పెళ్లికి బయలుదేరారు. వాసుదేవ్‌కు బండి రాదు; జయరామయ్యే నడిపాడు. కల్మలలో చాయ్ తాగేసరికి మసక పడింది. మూతులు బిగించారు.

టైర్ల చప్పుడు. అంతే.

మోరీ తెల్లగోడ దూరంగా కనబడింది. అప్పుడు... సన్నగా ఒక శబ్దం. గర్ర్... గర్ర్... అహల్య మెడ తిప్పింది.

శబ్దం ఆగిపోయింది.

అతని చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కళ్లు మూసి ఉన్నాయి. ఛాతీ ఎగురుతోంది, గాలి పోవడం లేదు. వెనక వాసుదేవ్ పెదవుల మీద వేలు పెట్టాడు — మాట్లాడకక్కా, వచ్చింది...

అహల్య చూసింది. వచ్చింది ఆమెకు కొత్తది కాదు. ప్రతి రాత్రీ తన పక్కన పడుకునేదే.

ఎదురుగా లారీ దీపాలు పెద్దవవుతున్నాయి.

"ఇగో! లేవుండ్రి!"

గొంతులోంచి ఒక పెద్ద ఊపిరి. స్టీరింగ్ గిర్రున తిరిగింది. లారీ పక్కనుంచి గాలిలా పోయింది. కారు పత్తిచేలో దిగి, ఒరిగి, ఆగింది. ముగ్గురూ బతికారు.

జయరామయ్య మొదట అడిగింది ఒక్కటే. "ఎందుకు నోరు తెరిచినవ్?"

"మీరు నిద్రపోయిండ్రు. ఊపిరి ఆగింది... ఇంట్ల ఆగినట్టే."

"నిద్రా? నా కండ్ల మీద చేతులుండె. సల్లగ! నువ్వు అరిచేదాంక బండి సీదాగనే పోతుండె."

"నిజమే అక్కా," అన్నాడు వాసుదేవ్, తల దించుకుని. "నువ్వు అరిచినంకనే తిరిగింది."

బజారంతా అదే మాట. దుకాణానికి వచ్చినవాళ్లు అతనికి ధైర్యం చెప్పారు, ఆమెను జాలిగా చూశారు. దర్గా నుంచి తాయెత్తు వచ్చింది. డాక్టరు చీటీ దేవుడి అలమరలో పడింది. నిద్రలో ఊపిరి ఆగే సంగతి అహల్య కనబడినవాళ్లందరికీ చెప్పి చూసింది. విన్నవాళ్లంతా తల ఊపారు... ఊపి, మోరీ కథే మళ్లీ చెప్పించుకున్నారు.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు స్ఫూర్తిని, పసిదాన్ని లింగసూగూరు అత్తగారింట్లో దింపే రోజు వచ్చింది.

"కిరాయి బండి మాట్లాడుండ్రి. మీ కాళ్లు మొక్కుత," అంది అహల్య.

"ఇంట్ల కారు పెట్టుకొని కిరాయి బండ్లనా? వియ్యంకులు నవ్వరూ?"

"అయితే నేను గూడ వస్త."

"నువ్వొద్దు!"

స్ఫూర్తి వెనక సీట్లో కూర్చుని బిడ్డను ఒళ్లో సర్దుకుంది. "ఊకె భయపడకమ్మా. నాయినకు దారి ఎరుకే గద." ముందు సీట్లోంచి వాసుదేవ్ తాయెత్తు అద్దానికి కట్టాడు.

అహల్య కారు తలుపు పట్టుకుంది. జయరామయ్య ఆవలిస్తూ ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడిపించాడు — మెల్లగా, ప్రేమగానే.

"ఫికరు జెయ్యకు," అన్నాడు. "ఈసారి నోరు తెరిచేటోళ్లు ఎవ్వరూ లేరు బండిల."