ఐసు ఫ్యాక్టరీ మూల మీద హారన్

లాల్‌దర్వాజా గల్లీలల్ల పుట్టి పెరిగినోళ్లెవరైనా సరే, పొద్దుగూకినంక ఐసు ఫ్యాక్టరీ మూల మీద బండి ఆపరు.

ఫ్యాక్టరీ మూతబడి మస్తు ఏండ్లయింది. తుప్పు పట్టిన గేటు, దాని ముంగట పెద్ద గుంత, పక్కన వెలగని దీపం స్తంభం... గంతే. అయినా ఆడ దించుమంటే ఆటోవాలా దించడు. "ఆగే ఉతార్‌తా భాయ్", ముందట దించుత అనుకుంట గుంజుకపోతడు.

ఎందుకంటే ఆగమ్మ పాణం పోయింది ఆడనే.

ఆగమ్మ పూలమ్మేటామె. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, ప్లాస్టిక్ వైరుతోటి అల్లిన బుట్ట నిండ పూలు తెచ్చి గుళ్లకు, ఇండ్లకు వేసేది. ఒక ముసురు పొద్దు, ఇంకా చీకటి ఇడువకముందే, ఏదో కారు గుద్దింది. ఆపలే. గుద్దంగనే పాణం పోలేదట. పిలిచిందట... చానసేపు పిలిచిందట. వాన చప్పుడుల ఎవలకూ వినపడలే. తెల్లారి చూస్తె గుంత నీళ్లల్ల బంతిపూలు తేలుతున్నయి. పక్కన సగం తెగిన బుట్ట.

"గందుకే," అంటరు గల్లీల ముసలోళ్లు గొంతు తగ్గించి, "ఇప్పుడు అందరికీ వినపడేటట్టు పిలుస్తది."

ఇగ, మా దోస్తు శ్రీపాదకు అయింది చెప్త.

శ్రీపాదోళ్లది గుడి కొలువు ఇల్లు. నాయిన అర్చకుడు, ఈయనది ఆఫీసు నౌకరి. చిన్నప్పుడే తల్లి పోయింది. రోజూ పొద్దుగాల పూలు ఇచ్చేటప్పుడు ఆగమ్మ బుట్ట అడుగుల చెయ్యి పెట్టి ఒక జామకాయ తీసేది. "ఇగో పంతులు బిడ్డా, నీది" అనేది. పెండ్లయి, జుట్టు నెరిసినా, ఆమెకు ఆయన పంతులు బిడ్డనే. ఆమె పోయిన దినం శ్రీపాద అన్నం ముట్టలే.

ఆ ఏడాదే మేనమామ కొడుకు నందకిశోర్ నడిపిన పాత కారు కొనుక్కున్నడు. నందకిశోర్ అంటె బస్తీల పెద్దమనిషి. ఆగమ్మ పోయినప్పుడు, "గుద్దినోన్ని ఇడిచిపెట్టొద్దు!" అని అందరికంటె గట్టిగ ఒర్లింది ఆయననే.

కారు మంచిదే. కని ఒకటే రోగం... హారన్ దానంతట అదే మోగుతది.

"ఫికర్ చెయ్యకు శ్రీపాదా," అన్నడు నందకిశోర్. "మెకానిక్ దగ్గరికి మాత్రం పోకు. ఉన్నయి లేనియి చెప్పి సతాయిస్తరు. ఫ్యూజ్ మార్చుకో, అయిపోతది."

శ్రీపాద ఫ్యూజ్ మార్చిండు. తగ్గలే. ఫోన్ల వీడియోలు చూసుకుంట హారన్‌కు కరెంటు ఇచ్చే రిలే మార్చిండు. స్టీరింగ్ విప్పి లోపల సాపు చేసిండు. ఇంటి ముంగట ఎంత తిప్పినా సప్పుడు లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటె, సరిగ్గ ఐసు ఫ్యాక్టరీ మూల మీద...

పేఁఁఁ...

పక్కన కూసున్న భార్య తన్మయి ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "ఏమండీ... మనం ఈ తొవ్వల రావొద్దు."

మరుసటి దినం అట్లనే. ఆ మరుసటి దినమూ అట్లనే.

శ్రీపాద మొండోడు. ఆదివారం పట్టపగలు వాకిట్ల కూసోని ముందటి బంపరే విప్పిండు. చూస్తె ఎడమ దిక్కు తీగలన్నీ ఎప్పుడో తెగినయి. వేరే రంగు తీగలు తెచ్చి, మెలిపెట్టి, టేపు చుట్టిండ్రు. హారన్ తీగకు పైతోలు పోయింది. బండి గుంతల పడ్డప్పుడల్ల అది పోయి ఇనుముకు తాకుతున్నది, హారన్ మోగుతున్నది.

"తన్మయీ, దొరికింది నీ దెయ్యం!" అని నవ్విండు.

కొత్త తీగ వేసిండు. టేపు చుట్టిండు. అప్పుడు కండ్లవడ్డది, లోపల ఇంకో తీగ ఇరుకున్నది. ఎర్రది, పచ్చది కలిపి అల్లింది. ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామని గుంజిండు. అది ఎక్కడి నుంచీ వస్తలేదు. ఊరికెనే చేతిలకు వచ్చింది.

తీగ కాదు అది. పూలబుట్ట పిడి. దాని సందుల ఎండిపోయిన బంతి రెక్క.

శ్రీపాద నవ్వు ఆగిపోయింది.

నందకిశోర్ ఇంటికి పోయి, బండి ముందటికి ఏం తాకింది బావా అని అడిగిండు. "కుక్క," అన్నడు ఆయన, మొకం పక్కకు తిప్పి. "అడ్డమొచ్చింది."

కుక్క! శ్రీపాద తిరిగొచ్చిండు. బుట్ట ముక్క పట్టుకొని ఠాణాకు పోతె ఎవలు నమ్ముతరు? ఆ వారమంత ఆఫీసు నుంచి రాంగనే కారుల దూరేటోడు.

తర్వాత ఒక సాయంత్రం, దీపాలు పెట్టే యాళ్లకు, నందకిశోర్‌కు ఫోన్ చేసిండు.

"బావా, బండి బందైంది. ఐసు ఫ్యాక్టరీ మూల మీద ఉన్న. జర రా."

"ఆడికెందుకు పోయినవ్? నేను రాను."

"బంపర్ విప్పిన బావా. లోపల ఏందో ఇరికింది..."

నందకిశోర్ ఉరుక్కుంట వచ్చిండు.

"ఏం ఇరికింది? చూపియ్."

"లోపల కూసోని చాబీ తిప్పు. చూపిస్త."

నందకిశోర్ కూసున్నడు. టక్... తలుపులన్నీ తాళం పడ్డయి. వెంటనే హారన్. ఆగని హారన్. ఇండ్లల్ల నుంచి జనం ఉరికొచ్చిండ్రు, ఫోన్ లైట్లు పట్టుకొని. వాళ్లల్ల ఆగమ్మ కొడుకు ఎల్లప్ప కూడ ఉన్నడు. నందకిశోర్ అద్దాన్ని పిడికిళ్లతోటి గుద్దుతున్నడు. శ్రీపాద ఆ బుట్ట పిడిని అద్దానికి ఆనిచ్చి పట్టుకున్నడు.

"నేనే!" అని ఒర్లిండు నందకిశోర్. "నేనే గుద్దిన! దిగి చూసిన... బతికే ఉండె... పిలుస్తుంటె ఇడిచిపెట్టి పోయిన!"

ఎల్లప్ప ఉన్నకాడనే కూలవడ్డడు.

జనమే నందకిశోర్‌ను ఠాణాకు తీస్కపోయిండ్రు. ఇప్పుడు జైల్ల ఉన్నడు. గల్లీ గల్లీ ఒకటే ముచ్చట, ఆగమ్మ తన పగ తీర్చుకున్నదని.

ఆ దినం నేను ఊర్ల లేను. తర్వాత చార్మినార్ కాడ ఇరానీ చాయ్ తాగుకుంట శ్రీపాదను అడిగిన, నిజమేనా అని.

"దెయ్యం లేదు గియ్యం లేదు," అన్నడు మెల్లగ. "నేనే చేసిన. హారన్‌కు, తలుపుల తాళానికి వేరే తీగలు గుంజి రిమోట్‌కు కలిపిన. తలుపు లోపలి పిడి పని చెయ్యకుంట చేసిన. అన్నీ వీడియోలు చూసే. రిమోట్ నా జేబులనే ఉండె. ఆగమ్మ పిలిస్తె వాడు ఆగలేదు గద... ఆ పిలుపు ఎట్లుంటదో వానికి తెల్వాలె అనుకున్న."

నేను నవ్విన. "మస్తు బుద్ధి చెప్పినవ్ పో!"

ఆయన నవ్వలే. చాయ్ కప్పు కింద పెట్టిండు.

"వాడు ఒప్పుకున్నంక బంద్ చేద్దామని రిమోట్ నొక్కిన. హారన్ బంద్ కాలే. మళ్ల నొక్కిన. కాలే. భయమై బానెట్ లేపి బ్యాటరీ తీగ పీకిన..."

"ఆగిందా?"

"తీగ నా చేతిలనే ఉన్నది. హారన్ మోగుతనే ఉన్నది."

నేను నా కప్పు పక్కకు పెట్టిన.

"వాడు అద్దాన్ని గుద్దుడు ఆపిండు. జనం దిక్కు చూస్తలేడు. ఎవలూ లేని పక్క సీటు దిక్కు చూస్తున్నడు. రెండు చేతులు జోడించిండు. అప్పుడు ఆగింది హారన్. తాళం టక్కుమన్నది. కని తెరుచుకున్నది వాని దిక్కు తలుపు కాదు..."

"మరి?"

"పక్క సీటు తలుపు. మెల్లగ తెరుచుకున్నది... ఒక ముసలామె దిగేటంత సేపు అట్లనే ఉన్నది... మెల్లగ మూసుకున్నది."