మొదటి చేప

ప్రేమకథల్లో అబ్బాయి ముందు అమ్మాయి కళ్ళు చూస్తాడు. గోవిందు చూసింది పిల్లి చిగుళ్ళు. దిక్కులేని పిల్లుల్ని చేరదీసే బుల్లమ్మే చూపించింది మరి.

"రోజూ ఇలా పెదవి ఎత్తి చూడాలి. ఎర్రగా ఉంటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. చేస్తారా?"

"పక్కా, దీదీ."

ఎలకలు వలలు కొరికేస్తున్నాయని పిల్లిని వెతుక్కుంటూ దీవి ఒడ్డున జాలర్లుండే మిన్నీ బే నుంచి బుల్లమ్మ ఇల్లున్న ప్రోతరాపూర్ వచ్చాడతను. చిరిగిన చెవి గండుపిల్లి మఖ్ఖన్ వచ్చి, పేరుకు తగ్గట్టే ఒళ్ళో వెన్నలా అంటుకుపోయాడు. గోవిందు ఎలకల సంగతి మరిచిపోయాడు.

మఖ్ఖన్ రక్తంలో ఒక వైరస్ ఉంది. మనుషులకు అంటదు, తోటి పిల్లులకు అంటుతుంది. నయం కాదు. చిన్న జబ్బు చేసినా తట్టుకునే శక్తి ఉండదు. బుల్లమ్మ ఇంట్లో వేరే పిల్లులున్నాయి గనుక వాడు నెలలుగా ఒంటరిగా ఒక గదిలో ఉంటున్నాడు. తలుపు కిందినుంచి చెయ్యి చాపి అందరినీ పిలుస్తాడు. వాడికొక ఒడి దొరకాలని ఆమె బెంగ.

"బయటికి వదలకూడదు. పచ్చిచేప పెట్టకూడదు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిందే పెట్టాలి. ఆదివారం వచ్చి చూస్తాను. తేడా వస్తే వాపస్."

పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని షరతులుండవు అనుకున్నాడు గోవిందు.

ఆదివారం వాన. బుల్లమ్మ సగం తడిసి గోవిందు ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి, మఖ్ఖన్ ముందు పళ్ళెంలో చేప. పచ్చిది.

గొడుగైనా మూయకుండా బుట్ట తెరిచింది. "పదరా, ఇంటికి పోదాం."

గోవిందు తల్లి కాళమ్మ అడ్డం వచ్చింది. "ఏటయినాదమ్మా? మంచి చేపే ఎట్టినాను. వల్లో మొదట పడ్డది!"

"పచ్చిది వద్దన్నానుగా పిన్నీ!"

"మొదటి చేప మేం అమ్మం, సుట్టాలకీ ఎట్టం. ఇంట్లో వోళ్ళే తినాల. ఈడు ఇంట్లోకి వొచ్చీసినాడు గదా అని ఎట్టినాను."

బుల్లమ్మ చెయ్యి బుట్ట మీదే ఆగింది. మఖ్ఖన్ ఆ చేపను వాసనైనా చూడకుండా వెళ్ళి గోవిందు ఒళ్ళో కూర్చున్నాడు. చేప కన్నా ఒడి ముఖ్యమనుకునే పిల్లిని మిన్నీ బే అంతకుముందు చూసి ఉండదు.

"ఉడకబెట్టినా అది మొదటి చేపే కదా పిన్నీ," అంది మెల్లగా.

కాళమ్మ పళ్ళెం తీసుకుపోయి పొయ్యి వెలిగించింది.

తర్వాతి ఆదివారాల్లో చిగుళ్ళు చూడటానికి టీ తాగినంతసేపు పట్టసాగింది. తర్వాత రెండు టీలంతసేపు. మధ్యలో ఎక్కడో "దీదీ" జారిపోయింది. బుల్లమ్మ గమనించింది, వెతకలేదు.

ఒకరోజు అంది, "బరువు పెరిగాడు. ఇక నేను రానక్కర్లేదు."

గోవిందు గతుక్కుమన్నాడు. "అరే, నిన్నట్నుంచి తుమ్ముతున్నాడు!"

మఖ్ఖన్ హాయిగా గుర్రు పెడుతున్నాడు.

"ఏదీ, ఒకసారి తుమ్మమనండి."

"నేను తుమ్మితే చాలదా?"

ఆమె నవ్వు ఆపుకుంది. "ఎందుకీ అబద్ధం?"

"మీరు రాకపోతే వీడికి తోచదు."

"వీడికేనా?"

"...నాకు."

అప్పుడే కాళమ్మ రెండు పళ్ళేలు తెచ్చింది. ఒకటి మఖ్ఖన్ ముందు, ఒకటి బుల్లమ్మ ముందు. ఉడికించిన చేప, రెండింట్లోనూ చెరిసగం.

"ఇయ్యాల మొదట పడ్డదమ్మా," అంది ఎటో చూస్తూ.

"చుట్టాలకి పెట్టరన్నారుగా?"

"ఎట్టం."

గోవిందు ఇంటి కప్పులో రేకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. బుల్లమ్మ లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ముల్లు తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు లేదు, అత్తా."

"ఆడికి ఉప్పు పడదని నువ్వే గదేటి సెప్పినావు!"