కాళ్ల వైపు గోడ

ఉదయం ఏడింటికి టీ గ్లాసు పట్టుకుని ఆమె గ్యారేజీ తలుపు తట్టింది. లోపల తండ్రి అప్పటికే మడత మంచం మడిచి గోడకు ఆనించాడు. రాత్రి అక్కడ ఎవరూ పడుకోనట్టు దుప్పటి కూడా బల్ల కిందకు నెట్టేశాడు. పది నెలలుగా ఇదే వరస.

ఇల్లు చిన్నది. ముందు గది, వంటిల్లు, రెండు పడక గదులు, గోడవారగా గ్యారేజీ. అందులో ఏనాడూ కారు లేదు. నలభై ఏళ్లుగా ఆయన అక్కడ కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. స్క్రూడ్రైవరు మొన మిషనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, లోపల అరిగింది ఏదో చూడకుండానే చెప్పేవాడు. భార్య పోయాక పడక కూడా అక్కడికే మార్చాడు. అడిగితే పనికి దగ్గరగా ఉంటుందనేవాడు. ఆయన గది నుంచి గ్యారేజీకి చుట్టూ నడిచి వెళ్లినా పదిహేను అడుగులే.

చలి ముదురుతోంది. గ్యారేజీ రేకు తలుపు కింద నుంచి గాలి కాళ్లను కోసేస్తోంది. ఈ చలికాలం ఆయన్ని అక్కడ పడుకోనివ్వకూడదని కూతురు గట్టిగా అనుకుంది. ఆయన గదిలో మూలపడ్డ పాత హీటరు తీయించి, గోడకు బిగించే హీట్ పంపు పెట్టించాలని పూనుకుంది. బయటొక పెట్టె, లోపలొక పెట్టె, మధ్య రెండు రాగి గొట్టాలు. గది వెచ్చగా ఉంటే ఆయనే లోపలికి వస్తాడని ఆమె ఆశ.

ఇద్దరు మెకానిక్కులు వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. ఇద్దరినీ ఆయన ఒక్కటే అడిగాడు, చప్పుడెంత అని. వాళ్లు ఏం చెప్పినా తల అడ్డంగా ఊపి గ్యారేజీలోకి వెళ్లిపోయాడు. ఆ పూట మూడో మెకానిక్ రావాలి. ఆమె వంటింట్లోకీ గుమ్మంలోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

మెకానిక్ వచ్చి గది కొలిచాడు. అల్లుడి లెక్క వేరు. ఒకే పెద్ద హీట్ పంపు గదిలో పెట్టి తలుపులు తీసి ఉంచితే గ్యారేజీ కూడా వెచ్చబడుతుందన్నాడు. మెకానిక్ టేపు చుడుతూ నవ్వాడు.

“పదడుగుల గదికి అంత మిషనా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం బాబూ. రెండు నిమిషాల్లో గది వేడెక్కుతుంది, మిషను ఆగిపోతుంది. చల్లబడగానే మళ్లీ మొదలవుతుంది. రోజంతా ఆగడం, మొదలవడం. చిన్నదైతే సన్నగా, ఆగకుండా తిరుగుతుంది. గ్యారేజీకి కావాలంటే విడిగా ఇంకోటి పెట్టుకోవాలి.”

గది గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన తలెత్తాడు. “చప్పుడెంత?” అన్నాడు.

పక్క వీధిలో పోయిన వారమే ఒకటి బిగించానని, వచ్చి స్వయంగా వినమని మెకానిక్ అన్నాడు. కొత్తలో అన్నీ బాగానే ఉంటాయంటూ ఆయన వెనక్కి తిరిగాడు. మెకానిక్ ఇబ్బందిగా బయటి గోడ కొలవడానికి వెళ్లాడు, వెనకే అల్లుడు. కూతురు తండ్రికి అడ్డంగా నిలబడింది.

“నాన్నా, మీకు మిషను వద్దా? మేము వద్దా?”

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరును ఇటూ అటూ తిప్పాడు.

“ఆ హీటరు ఆగినా టక్కుమనేది, మొదలైనా టక్కుమనేది. కళ్లు మూతపడ్డ మీ అమ్మ ఉలిక్కిపడేది. ఆఖరి వారం మధ్యాహ్నాలు నేనే ఆపేసేవాణ్ణి, కాసేపు పడుకోనీ అని. ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ విప్పాను అమ్మలూ, దాన్ని విప్పలేదు. స్విచ్చి ఆపడం సులువు కదా. నేనే చలిలో పడుకోబెట్టాను.”

“అమ్మ పోయింది చలికి కాదు, గుండెకి. డాక్టరు చెప్పినప్పుడు మీరు పక్కనే ఉన్నారు.”

“ఉన్నాను. వినలేదు.”

ఆమె గదిలో అమ్మ మంచం పట్టీ మీద కూర్చుంది. ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటపెట్టింది.

“మీరు గ్యారేజీలోకి వెళ్లగానే నేను వచ్చి హీటరు వేసేదాన్ని. అమ్మే ఆపమనేది. దాని మోతలో మీ కుట్టుమిషను వినపడదనేది. గోడ అవతల మీరు తొక్కుతుంటే ఆ చప్పుడుకే నిద్ర పడుతుందనేది. ఆమె మాట విని నేనూ ఆపాను నాన్నా. అందుకే మీకు చెప్పలేకపోయాను.”

ఆయన గోడ వైపు చూశాడు. ఆ గోడకు అవతలే ఆయన బల్ల. చిన్నపిల్లకి వేసినట్టు కూతురి తల మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయినట్టు అలాగే ఉంచేశాడు. ఆమె కళ్లు తుడుచుకోలేదు.

కాసేపటికి ఆయనే బయటికి వెళ్లి, పక్క వీధి ఎంత దూరమని మెకానిక్‌ని అడిగాడు. ఆ ఇంట్లో స్క్రూడ్రైవరు మొన పెట్టెకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంటివాళ్లు వింతగా చూశారు. అల్లుడు ఏదో అనబోతే కూతురు అతని చేయి పట్టి ఆపింది. ఆ సన్నని ఊపిరిలాంటి చప్పుడు ఒక్కసారీ తెగలేదు.

“చిన్నదే చాలు,” అన్నాడు ఆయన కళ్లు తెరిచి. గ్యారేజీకి ఇప్పట్లో మిషను అక్కర్లేదన్నాడు. పగలు పనిచేసుకోవడానికేగా, తలుపు కింద రబ్బరు పట్టీ వేస్తే సరిపోతుందన్నాడు.

ఇంటికొచ్చాక మెకానిక్ గదిలో మంచం తల వైపు గోడ మీద సుద్దతో గీత గీశాడు. గొట్టాలకు అదే దగ్గర దారి అన్నాడు.

“అటు వద్దు. కాళ్ల వైపు పెట్టు,” అన్నాడు పెద్దాయన. “మొహం మీద గాలి పడితే వాళ్లమ్మకి...”

మెకానిక్ సుద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“కాళ్ల వైపే పెట్టండి,” అంది కూతురు. “గొట్టం ఎంత పొడవైనా సరే.”

ఆయన తల వైపు గీతను అరచేత్తో తుడిచాడు. తర్వాత గ్యారేజీలోకి వెళ్లి, బల్ల కింద నుంచి దుప్పటి తీసి, దుమ్ము దులిపి, లోపలికి తెచ్చి మంచం మీద పరిచాడు.